శీతనిద్ర లేని జాతి

డిసెంబర్ 9, సోమవారం

ఫలితం వచ్చింది. ఏమీ లేదు.

నాలుగేళ్లు ఇదే పని. చలికాలమంతా పాత పలకల గనుల్లో పైకప్పు పట్టుకుని రాళ్లలా చల్లగా వేలాడే తోక గబ్బిలాలు ఒకవైపు. కంభం దగ్గర తోపుల్లో ఏడాది పొడవునా మెలకువగా తిరిగే పెద్ద గబ్బిలాలు ఇంకోవైపు. రెండింటి రెక్కల అంచుల నుంచీ గోరంత ముక్కలు తీసి, వాటి జన్యువులను పక్కపక్కన పెట్టి చూశాను. శీతనిద్రకు పోయేవాటి దగ్గర ఏదో ఒక జన్యువు ఉంటుంది, పోనివాటికి అది ఉండదు, దాన్ని పట్టుకుంటే చాలు అనుకున్నాను. ఈ ఉదయం కంప్యూటర్ లెక్క ముగించింది. అలాంటి జన్యువు ఒక్కటీ లేదు.

అన్నీ రెండింటికీ ఉన్నాయి. ఎలుకకు ఉన్నాయి, గొర్రెకు ఉన్నాయి, మనిషికీ ఉన్నాయి. తేడా అంతా జన్యువుల మధ్య జాగాల్లో ఉంది. ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో, ఎంతసేపు చేయాలో చెప్పే చోట్లవి. మా గైడు వరప్రసాదం సార్ వాటిని స్విచ్చులు అంటారు. ఆ స్విచ్చుల దగ్గర మాత్రం రెండు జాతులకూ పొంతన లేదు.

తిరుపతిలో ఉన్న సార్‌కు ఫోన్ చేసి ఏమీ దొరకలేదని చెప్పాను. ఆయన నవ్వారు. "దొరికింది అదే కదమ్మా. ఎవరికీ ఏదీ తక్కువ లేదు. నీకు తెలిసింది అదే. ఇక రాయడం మొదలుపెట్టు" అన్నారు.

నాకు మాత్రం నెత్తిన ఎవరో కొట్టినట్టుంది. అన్నం ముందు పెట్టుకుని కూర్చుండిపోతే అమ్మ కసిరింది. "నెలలు నిండిన మనిషివి, అట్ల గోడ సాయ చూస్తా కూసోబాక."

గొర్రెలు తోలి వచ్చిన నాయనకు కూడా చెప్పాను. నాయన తలపాగా విప్పుతూ విన్నాడు.

"అయితే మన గొర్రెలకు కూడా ఉండాదా ఆ నిద్ర?"

"దానికి కావలసినవన్నీ ఉన్నాయి నాయనా. పనిచెయ్యవు, అంతే."

"మరి పోయిన చలికాలం నాలుగు పిల్లలు బిగుసుకోని చచ్చిపాయె గదా."

అవును. చచ్చిపోయాయి. ఈసారికి నవ్వి ఊరుకున్నాను.

డిసెంబర్ 15, ఆదివారం

మల్లమ్మ అత్త మార్కాపురం నుంచి వచ్చింది. బావ కేశవ బస్సెక్కించి పంపాడట, తనకు పలకల యూనిట్‌లో ఎగుమతి సరుకు లోడింగ్ ఉందని. అత్త సంచి నిండా నువ్వులుండలు, నెయ్యి, పాత చీరల మెత్తటి గుడ్డలు. నాయనకు అక్క, నాకు మేనత్త, ఇప్పుడు అత్తగారు కూడా. ఏ వరస చొప్పున తిడుతుందో ఆమెకే తెలుసు.

ఈసారి తిట్టు కారణం బావే. నేను మే నెలలో గని లోపలికి దిగిన సంగతి ఆమెకు చెప్పేశాడు.

"నెల తప్పినాక దిగినావా, ముందు దిగినావా?"

"తప్పినాకే అత్తా. నాకే అప్పటికి తెలియదు."

"తెలియదంట! యల్లయ్యా, ఇన్నావా నీ కూతురి మాట? సచ్చినట్టు యాలాడేవాటి మధ్యకు పోయి వచ్చింది, కడుపులో బిడ్డను పెట్టుకోని."

మేలో అవి నిద్రలో ఉండవని, ఎగిరి తిరుగుతుంటాయని చెప్పబోయాను. అమ్మ కన్నెర్ర చేసింది. ఊరుకున్నాను. ఆ తర్వాత అత్త నా కాళ్లు ఒళ్లోకి తీసుకుని నూనె రాసింది. రాస్తూ వేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట పడి, అలాగే కాసేపు ఉండిపోయింది.

"నీరు పట్టిండాయి."

"అందరికీ పడతాయిలే అత్తా" అన్నాను.

డిసెంబర్ 23, సోమవారం

బిడ్డ బాగా తన్నుతోంది. రెండో అధ్యాయం అయిపోయింది. నేను బాగానే ఉన్నాను.

డిసెంబర్ 31, మంగళవారం

తల నొప్పి. కంప్యూటర్ తెర ఎక్కువ చూడటం వల్ల. చెప్పులు పట్టడం లేదు, నాయన చెప్పులు వేసుకుంటున్నాను. అమ్మ మార్కాపురం పోదామంది. శుక్రవారం ఎలాగూ చెకప్ ఉంది కదా, రెండుసార్లు ఎందుకు, అన్నాను. థీసిస్‌లో బొమ్మ ఒక్కటి మిగిలింది, అది సార్‌కు పంపేస్తే ఇక పురుడే.

నేను బాగానే ఉన్నాను.

జనవరి 4, శనివారం. మార్కాపురం, నర్సింగ్ హోం

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. నేను ఇంకా చూడలేదు.

నిన్న శుక్రవారం. పొద్దున ముఖం కడుక్కుంటుంటే కడుపు ఒక్కసారిగా రాయిలా బిగిసింది. కిందికి చూస్తే నేలంతా రక్తం. నొప్పి కంటే ముందు ఆ ఎర్రదనం గుర్తుంది. అమ్మ కేక, నాయన పరుగు, పక్కింటివాళ్ల ఆటో, తర్లుపాడు రోడ్డు గుంతలు. ఆటోలో అమ్మ నా తల పట్టుకుని "కళ్లు మూసుకోబాక" అంటూనే ఉంది. ఇక్కడ డాక్టరు స్కానింగ్ పెట్టి చూసి, "మాయ విడిపోయింది, థియేటర్!" అని అరిచింది. ముక్కు మీద మాస్క్. అంతే.

లేచేసరికి మధ్యాహ్నం. పక్కన అమ్మ ఒక్కతే. మంచం పక్కన ఉయ్యాల ఖాళీ. ఉతికిన గుడ్డ మడత కూడా విప్పలేదు.

"బిడ్డ ఏదమ్మా?"

"ఒంగోలు తీసకపోయినారు."

"ఎందుకు?"

అమ్మ నా జుట్టు సర్దుతూ, "ఏడవలేదమ్మా" అంది.

పోయిందనుకున్నాను. అమ్మ నా ముఖం చూసి గబగబా చెప్పింది. "ఉండాది, ఉండాది. ఊపిరి పెట్టినారు. అంబులెన్సులో కేశవా, మీ అత్తా పోయినారు."

అప్పుడే ఫోన్ మోగింది. బావ. నేను బతికున్నానా లేదా అని కూడా అడగలేదు. అడిగే టైం లేదు అతనికి.

"మహీ, నువ్వొక మాట చెప్పాల. డాక్టరమ్మకు ఇస్తుండా."

ఆమె పేరు స్రవంతి. గొంతు నిదానంగా ఉంది. "మహేశ్వరి గారూ, మాయ విడిపోవడంతో పాప మెదడుకు కాసేపు ఆక్సిజన్ అందలేదు. ఆ దెబ్బ తగిలిపోయింది, దాన్ని మేం వెనక్కి తీసుకోలేం. కానీ ఇప్పటినుంచి గంటగంటకూ మెదడులో కణాలు దెబ్బతింటూ పోతాయి. దాన్ని తగ్గించడానికి పాపను మూడు రోజులు చల్లగా ఉంచుతాం. ముప్పై మూడున్నర డిగ్రీలకు దించుతాం. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి. సగం పైగా అయిపోయాయి. మీవాళ్లు సంతకం పెట్టడం లేదు. మీరు ఈ సబ్జెక్టులోనే పరిశోధన చేస్తున్నారని మీ ఆయన చెప్పారు."

ఈ సబ్జెక్టులోనే.

వెనక అత్త గొంతు వినిపిస్తూనే ఉంది. "పురిటిబిడ్డను సల్లగా పెడతారా ఎవరన్నా? మనూళ్లో సల్లబడిందంటే ఏంది అర్థం? చెప్పురా కేశవా, ఏంది అర్థం?"

"సంతకం పెట్టు బావా" అన్నాను. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. "పెట్టు. చేయమను."

ఫోన్ అత్త చేతికి పోయింది. "నీ గబ్బిలాల చదువు నా మనవరాలి మీద చూపిస్తావా? దాన్ని కూడా యాలాడదీస్తావా?"

లైను తెగింది. ఎవరు కట్ చేశారో తెలియదు.

పోయిన నెల రాసిన రెండో అధ్యాయం మొదటి వాక్యం ఇది: శీతనిద్ర లేని క్షీరదాలకు శరీరం చల్లబడిపోవడం ప్రాణాంతకం. నేనే రాశాను. చేయమన్నదీ నేనే. నాయన గొర్రెపిల్లలు బిగుసుకుపోయి ఎలా పడి ఉంటాయో చిన్నప్పటి నుంచీ చూశాను. అయినా చేయమన్నాను.

డ్రిప్ పెట్టిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

జనవరి 5, ఆదివారం

బావ ఫోటో పంపాడు. నీలం రంగు పరుపు, అందులో చల్లటి నీళ్లు తిరుగుతుంటాయట. దాని మీద నా కూతురు. నోట్లో గొట్టం, ముక్కు మీద టేపు, అరికాలికి వైరు. ఒంటి మీద డయపర్ తప్ప గుడ్డ లేదు. జనవరి చలిలో.

పక్కన మిషన్ మీద అంకె వెలుగుతోంది. వేళ్లతో పెద్దది చేసి చూశాను. 33.4. ఆ తర్వాత కానీ ముఖం చూడలేదు. కన్నబిడ్డ ఫోటో మొదటిసారి చూస్తూ, ముఖం కంటే ముందు టెంపరేచర్ చూశాను. గనిలో కూడా నేను చేసేది అదే. ముందు థర్మామీటర్, తర్వాత గబ్బిలం.

ముక్కు బావది. పెదాలు ఎవరివో తెలియదు, గొట్టం అడ్డం.

సాయంత్రం బావ ఎక్కువసేపు మాట్లాడాడు. అంబులెన్సు సంగతి అప్పుడు చెప్పాడు. ఇక్కడి డాక్టరే ఒంగోలుకు ఫోన్ చేసి అడిగిందట, బిడ్డకు వెచ్చదనం పెట్టొద్దు, ఎక్కువ కప్పొద్దు, అలాగే తీసుకురండి అన్నారట. నర్సు దుప్పటి తీసేసింది. అత్త తన కొంగు కప్పింది. నర్సు కొంగు తీసేసింది. అత్త మళ్లీ కప్పింది. పొదిలి దాటేదాకా ఇదే. చివరికి నర్సు గట్టిగా అరిస్తే, అత్త కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుందట.

"నాకూ కప్పాలనే ఉణ్ణింది మహీ" అన్నాడు బావ. "ఎవరి మాట ఇనాలో తెలీలేదు."

"నా మాట విన్నావు కదా."

"నువ్వు చెప్పింది కరెక్టేనా?" అన్నాడు.

అవునన్నాను.

సార్ నుంచి మెసేజ్: 'తల్లీబిడ్డా క్షేమమేనని తలుస్తాను. వీలు చూసుకుని ఆ ఐదో బొమ్మ సరిచేసి పంపు.' ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. 'అలాగే సార్' అని పెట్టాను.

ఇక్కడి డాక్టరు నా బీపీ చూసి, నీరు ఎప్పటినుంచి అని అడిగింది. ఈ మధ్యే అన్నాను. పోయిన చెకప్‌లో చెప్పారా అంది. చెప్పాననే గుర్తు.

జనవరి 6, సోమవారం

రాత్రి ఫిట్స్ వచ్చాయట. మందు ఇచ్చారట. ఆగాయట.

ట. ట. ట. నా బిడ్డ గురించి నాకు తెలిసినదంతా ఎవరో చెప్పిందే.

డాక్టర్ స్రవంతి ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడిగింది. దెబ్బ కారణం మాయేనని దాదాపు నమ్మకమేనట, కానీ ఫిట్స్ వచ్చాయి కనుక వేరే దారులు కూడా మూసుకోవాలట.

"మీది మేనరికమా?"

"అవును. మా అత్త కొడుకే."

"కుటుంబంలో పసిపిల్లలు ఎవరైనా పుట్టిన కొద్ది రోజుల్లో పోయారా?"

"లేదండీ."

"సరే. పాప మడమ నుంచి రక్తపు చుక్కలు పరీక్షకు పంపుతాం. జన్యు లోపాలేవైనా ఉంటే తెలుస్తుంది."

గబ్బిలాల జన్యువులు అక్షరం అక్షరం చదివినదాన్ని. బావకూ నాకూ ఒకే తాత. ఆ తాత దగ్గర్నుంచి మా ఇద్దరికీ ఏం వచ్చిందో ఒక్కనాడు కూడా అనుకోలేదు. పెళ్లిచూపుల్లో కూడా నవ్వుకున్నాం, చూసుకోవడానికి ఏముందని.

మధ్యాహ్నం నుంచి మళ్లీ వేడెక్కిస్తున్నారు. గంటకు అర డిగ్రీ కంటే తక్కువే. తొందరపడితే చేటు.

గనిలో నిద్రపోతున్న గబ్బిలాన్ని కదిలిస్తే అరగంటలో తనంతట తాను వేడెక్కుతుంది. ఒళ్లంతా వణికిస్తుంది. రెండు భుజాల మధ్య గోధుమరంగు కొవ్వు ఉంటుంది, దాన్ని మండించుకుంటుంది. ఆ మంట పుట్టించే జన్యువు దానికే ప్రత్యేకం కాదు. మనిషికీ ఉంది. పెద్దయ్యాక ఆ కొవ్వు చాలావరకు కరిగిపోతుంది కానీ, పుట్టిన బిడ్డకు ఉంటుంది. అదే చోట. భుజాల మధ్యే.

నా కూతురికి ఉంది. ఈ క్షణంలో ఉంది. ఎవరికీ ఏదీ తక్కువ లేదు అన్నారు సార్. కానీ అంత చలి నుంచి తానే తిరిగి వచ్చే స్విచ్చు దాని దగ్గర లేదు. పరుపులో నీళ్లు వేడి చేస్తూ ఎవరో నర్సు కూర్చుని ఉండాలి.

సాయంత్రం. అత్త ఫోన్ చేసింది. శుక్రవారం తర్వాత ఇదే మొదటిసారి. ఎత్తగానే ఏడుపు గొంతు.

"అత్తా? అత్తా, ఏమైంది? చెప్పు!"

"చెయ్యి…"

"ఏం చెయ్యి?"

"చెయ్యి ఎచ్చబడిందే మహేశ్వరీ. నర్సమ్మ ముట్టుకోనిచ్చింది. ఎచ్చగా ఉండాది. నా ఏలు పట్టుకునింది."

ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేశాను.

జనవరి 8, బుధవారం. ఒంగోలు

కుట్లు పచ్చిగా ఉన్నాయని అందరూ వద్దన్నారు. కారులో వెనక పడుకుని వచ్చాను. ఒక్కో స్పీడ్ బ్రేకర్ దగ్గర అమ్మ నా పొట్ట మీద చేయి పెట్టి అదిమి పట్టింది.

చూశాను.

ఫోటోలో కంటే చిన్నది. గొట్టం పొద్దున్నే తీసేశారు. తానే ఊపిరి తీసుకుంటోంది. నోరు తెరుస్తోంది, శబ్దం లేదు. గొట్టం వల్ల గొంతు రాసుకుపోయిందట, కొన్నాళ్లలో వస్తుందట. కళ్లు తెరిచి నన్ను కాదు, దీపాన్ని చూసింది. నర్సు చేయి పెట్టమంది. పెట్టలేకపోయాను. కాసేపటికి నర్సే నా చేయి పట్టుకుని దాని వీపు మీద పెట్టింది. భుజాల మధ్య. వెచ్చగా ఉంది.

బయట వరండాలో అత్త నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె నా కాలు పట్టుకుని వాపు చూసింది, తగ్గిందని తలాడించింది. తర్వాత నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"కేశవ కంటే ముందర నాకొక పిల్లోడు."

నాకు అర్థం కాలేదు. "ఎవరికి?"

"నాకేనే. మీ నాయనకు తెలుసు. అప్పటికి మీ నాయనకు పెండ్లి కూడా కాలేదు. హనుమంతునిపాడు సాయ మందలు తోలుకోని పోయిండిమి. పుష్య మాసం. పొలంలోనే కన్నా. పిల్లోడు మంచిగనే ఏడ్చినాడు, పాలు తాగినాడు. రెండోనాటి పొద్దునకు సల్లబడిండాడు. ఎచ్చబెట్టినాం. గొంగళ్లో చుట్టినాం, నెగడు కాడ పెట్టినాం, రొమ్ముకాడ పెట్టుకున్నా. సల్లగానే పోయినాడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ డాక్టరమ్మ సల్లగా పెడతామనేతలికి నాకు నెత్తికెక్కింది. నిన్ను ఏమేమో అన్నా."

ఇరవై తొమ్మిదేళ్లుగా ఈమె ఒళ్లో పెరిగాను. ఈ ఇంటి కోడలినై రెండేళ్లు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. బావకు తెలుసా? అడిగితే అత్త తల అడ్డంగా ఊపింది.

"చెప్పి ఏం చేస్తాం? పోయినోని పేరు కూడా పెట్టలేదు."

ఆమె చేయి పట్టుకున్నాను. పట్టుకున్న వెంటనే ఇంకో సంగతి తగిలింది. కుటుంబంలో పసిపిల్లలు ఎవరైనా పోయారా? లేదండీ అన్నాను.

"అత్తా, లే. ఇది డాక్టరుకు చెప్పాలి."

"ఎందుకు? ఆమెకెందుకు మన ఇంటి మాట?"

"రక్తం పరీక్షకు పంపారు. ఆ పిల్లోడికి ఏదైనా ఉండి ఉంటే, నీ దగ్గర నుంచి బావకు, తాత దగ్గర నుంచి నాయనకు, నాకు…" ఆగిపోయాను. ఆమె ముఖం చూసి ఆగాను. నేను సైన్సే చెబుతున్నాను, కానీ ఆమెకు వినిపించింది వేరు. ఆమె తన రక్తాన్నే నేను తప్పు పడుతున్నాననుకుంది.

"నా వల్లనా?" అంది.

"కాదు. ఎవరి వల్లా కాదు. ఉందో లేదో చూడాలి, అంతే."

ఇద్దరం డాక్టరు గదికి వెళ్లాం. నా కుట్లు లాగుతుంటే ఆమె నన్ను పట్టుకుంది. లోపల ఆమె వణుకుతుంటే నేను పట్టుకున్నాను. అత్త అంతా చెప్పింది. ఏడ్చాడు, పాలు తాగాడు, రెండోనాడు చల్లబడ్డాడు. డాక్టర్ స్రవంతి రాసుకుని, ఇంకో రెండు పరీక్షలు కలిపింది.

జనవరి 10, శుక్రవారం

రిపోర్టు రాలేదు.

బావ అడిగాడు, ఏం పరీక్ష అని. మామూలువే అన్నాను.

జనవరి 11, శనివారం

రాలేదు. స్కానింగ్ మాత్రం అయింది. మెదడులో ఒకచోట చిన్న మార్పు కనిపిస్తోందట. ఎంత దెబ్బో ఇప్పుడే చెప్పలేరట. తల నిలుపుతుందా, నవ్వుతుందా, చేతులు రెండూ ఆడిస్తుందా, నెల నెలా చూసుకుంటూ పోవాలట.

"అంటే బాగైనట్టా, కానట్టా?" అని నాయన ఫోన్‌లో అడిగాడు.

తెలియదు నాయనా అన్నాను. ఈ నాలుగేళ్లలో నాయనకు నేను సూటిగా చెప్పిన జవాబు ఇదే అనుకుంటా.

జనవరి 12, ఆదివారం

బావకు చెప్పేశాను. అన్న ఉండేవాడని, పోయాడని, పరీక్ష ఎందుకని. పార్కింగ్‌లో బైక్ మీద కూర్చుని విన్నాడు. పలకల దుమ్ము ఇంకా చొక్కా మీద ఉంది, యూనిట్ నుంచి నేరుగా వచ్చాడు. తాళంచెవి తిప్పుతూ అన్నాడు.

"మనం చేసుకోకుండా ఉండాల్సిందేమో మహీ."

ఈ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని వారంగా భయపడుతున్నాను. అన్నది అతను. అతను వెళ్లి రెండు టీలు తెచ్చాడు. తాగాం.

జనవరి 16, గురువారం

ఏమీ లేదు.

డాక్టర్ స్రవంతి కాగితం తిప్పి నాకే చూపించింది. వరసగా అన్నీ మామూలే. పాపకు వాళ్లు వెతికిన లోపం ఒక్కటీ లేదు. కారణం మాయే. "మీ అత్తగారి బాబుకు ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ కాలంలో పొలంలో పుట్టిన బిడ్డకు ఎన్నో జరగొచ్చు. కానీ దీనికీ దానికీ సంబంధం ఉందనడానికి మాకేమీ కనిపించలేదు" అంది.

నెల కిందట ఇదే మాట రాశాను. ఏమీ లేదు. అప్పుడు అన్నం దిగలేదు. ఇప్పుడు డాక్టరు బల్ల మీద తల పెట్టి ఏడ్చాను, కాగితం తడిసింది. ఆమె ఇంకో ప్రింట్ తీసి ఇచ్చింది.

బయటికి వచ్చి అత్తకు చెప్పాను. "నీ వల్ల కాదు అత్తా. ఎవరి వల్లా కాదు."

ఆమె నమ్మినట్టు లేదు. మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. తర్వాత లేచి కొళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుని, అక్కడే చాలాసేపు నిలబడింది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

బావ చేతిలో ఆ కాగితం పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి, తన జేబులో కాకుండా నా చేతిలోనే పెట్టాడు. "నేనట్ల అని ఉండకూడదు" అన్నాడు.

జనవరి 17, శుక్రవారం

సార్‌కు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. "బొమ్మ సంగతి మరిచిపో తల్లీ" అన్నారు. రెండో అధ్యాయం మొదటి వాక్యం మార్చాలి సార్ అన్నాను. ఏమని మారుస్తావు అని అడిగారు. ఇంకా తెలియదు.

జనవరి 20, సోమవారం

తల్లుల గదిలో ఉంటున్నాను. అందరం ఐసీయూ బిడ్డల తల్లులమే. కనిగిరి నుంచి ఒకామె, చీమకుర్తి నుంచి ఒకామె, ఇంకో ఇద్దరు. గోడకు అవతలే పిల్లలు. ఎవరైనా ఏడిస్తే చాలు, గదిలో ఒకామె చటుక్కున లేస్తుంది. "నాదే" అంటుంది. ఎప్పుడూ తప్పు పోదు. కనిగిరామె నిద్రలో కూడా తన బిడ్డ ఏడుపును పోల్చుకుంటుంది. నేను ఎప్పుడూ లేవలేదు. నా కూతురికి ఇన్నాళ్లూ ముక్కులో గొట్టంతో పాలు. ఆకలైతే నోరు తెరిచేది, పిల్లి కూన లోపల ఎక్కడో ఉన్నట్టు చిన్న శబ్దం. నర్సే వచ్చి పిలిచేది. మొన్నటి నుంచి గొట్టం తీసి రొమ్ముకు పెట్టమంటున్నారు. రెండు గుక్కలు తాగి అలిసి పడుకుంటుంది.

ఈ మధ్యాహ్నం అమ్మ పంపిన అన్నంలో గోంగూర కలుపుకుంటున్నాను. గోడ అవతల ఏడుపు మొదలైంది. మామూలు ఏడుపు కాదు. గొంతు చించుకుని, ఊపిరి ఆగి, మళ్లీ అందుకుని. ఎవరో తిట్టినట్టు, ఎవరినో తిడుతున్నట్టు. అందరం తలలెత్తాం. ఎవరూ లేవలేదు. చీమకుర్తి ఆమె నా వైపు చూసింది, కనిగిరామె చూసింది. ఏడుపు పెరిగింది.

"ఎవరి బిడ్డమ్మా అది?" అన్నాను, కొంచెం విసుగ్గానే. "అట్లా ఏడుస్తుంటే ఎవరూ పోరే?"

తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది. పరిగెత్తుకు వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఏందే, అట్ల అన్నం పిసుకుతా కూసున్నావు? నీ బిడ్డే!"

నాకు మాట ఎక్కలేదు. నా బిడ్డ ఏడవదు. నా బిడ్డకు ఆ గొంతు లేదు. నేను లేచానో, అత్త లేపిందో తెలియదు. కుట్ల సంగతి మరిచిపోయాను. చేయి సగం కడిగి, సగం చీరకు తుడిచి లోపలికి పోయాను. నర్సు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నవ్వుతోంది. ఎర్రగా, పిడికిళ్లు బిగించి, కాళ్లు తన్నుతూ, నోరంతా తెరిచి. రెండు చేతులూ. రెండూ ఆడిస్తోంది. ఒళ్లు కాలుతోంది, ఏడ్చి ఏడ్చి.

తీసుకున్నాను. ఆగలేదు. చెవి పక్కనే ఏడుస్తోంది, చెవులు గింగురుమంటున్నాయి. నేను అలాగే నిలబడి వింటున్నాను. ఎంతసేపో తెలియదు. అత్త వచ్చి నా పైట పక్కకు లాగింది.

"ఇనింది చాల్లే" అంది. "పాలియ్యి."